మూడు చప్పుళ్ళ బండిలో భూపాలపల్లికి

జనగామ నుంచి భూపాలపల్లికి వరంగల్ మీదుగా తిన్నని రోడ్డు ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు చేరవచ్చు. నేను మాత్రం కొడకండ్ల, దంతాలపల్లి, మానుకోట, కేసముద్రం చుట్టి రెండో రోజు పొద్దుగూకే వేళకు చేరాను. అట్లా ఎవరూ పోరు. అందుకే ఇది రాస్తున్నాను.

అవి తెలంగాణ కోసం అందరూ పనులు బంద్ పెట్టిన రోజులు. బస్సులన్నీ డిపోలోనే ఉన్నాయి. నా కొడుకు బస్సు కండక్టరు. పొద్దున లేచి మెడలో గులాబీ కండువా వేసుకుని సమ్మె శిబిరంలో కూర్చుంటాడు, సాయంత్రం వస్తాడు. కోడలు బోరింగు దగ్గర జారిపడి కాలికి కట్టు కట్టించుకుంది. భూపాలపల్లిలో ఇచ్చిన మనుమరాలు స్వప్నకు ఏడో నెల నిండవస్తున్నది. కాన్పుకు ఆడపిల్లను ఏడో నెలలో తెచ్చుకోవాలి. ఎనిమిదో నెలలో మావాళ్ళు పొలిమేర దాటించరు. తొమ్మిదో నెలలో అంత దూరం వద్దని డాక్టరమ్మ అంటుంది. అంటే ఆ వారంలో తేకపోతే పిల్లకు కాన్పు అక్కడే.

అక్కడైతే ఏమని మీరు అడగవచ్చు. నిరుడు ఒకసారి మూడో నెలలోనే కడుపు పోయింది. ఆటో కుదుపులకే పోయిందని స్వప్న అత్త లచ్చమ్మ ఇప్పటికీ అంటుంది. కుదుపులకు కాదని డాక్టరమ్మ చెప్పినా వినదు. ఈసారి పిల్ల భయపడుతున్నది. ఫోనులో ఒక్క మాటే అన్నది: "నాయినమ్మా, నువ్వు వస్తవు కద."

జనగామ

కిరాయి కార్లవాళ్ళు ఆ రోజుల్లో ఎంత అడిగారో చెబితే మీరు నమ్మరు. మా తమ్ముని కొడుకు యాదగిరికి పాత పికప్ బండి ఉంది. ముందు ఇద్దరు కూర్చుంటారు, వెనక సామాను. ఏడాదిగా ఆ బండిని వాడు ఊరేగింపులకే తిప్పాడు. ఉద్యమం పాటలు, ఆటలు ఆడే ధూంధాంలకు అదే వేదిక. వెనక మనిషి ఎత్తు సౌండు డబ్బాలు, వాటి మధ్య గజ్జెలు కట్టుకుని ఎగిరే పదిమంది. అంత బరువు ఆగాలని చక్రాల పైన కమాన్ కట్టలో ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాడు. కమాన్ కట్ట అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఇనుప పట్టీలు. గుంతలో పడ్డప్పుడు కుదుపును మింగేవి అవే.

బండి మా గల్లీ దాటకముందే నేను ఆపమన్నాను.

"ఏందిరా ఆ సప్పుడు?"

"ఏ సప్పుడు అత్తమ్మా?"

"ఒకటి కాదు, మూడు వినపడుతున్నయ్."

"పాత బండి గద. గట్లనే ఉంటది. రేడియో పెడితే వినపడయ్."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. రేడియో ఆపించి చెవి పెట్టాను. ఒకటి, ఎక్కడో గల్లుగల్లుమని సన్నగా మోగేది. రెండు, మెల్లగా పోతూ మిట్ట ఎక్కినప్పుడు నులకమంచం మీద కూర్చున్నట్లు కిర్రుమనేది. మూడు, బండి కదిలేటప్పుడు ఒకసారి, బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వెనక కుడి పక్క నుంచి డక్కుమనేది. మొదటి రెండూ చెవికి వినపడేవి. మూడోది నడుముకు తెలిసేది. దానిమీదే నా అనుమానం.

"దీంట్ల స్వప్నను ఎక్కియ్యాలె. ఈ మూడూ ఎక్కడికెళ్ళి వస్తున్నయో తెలిసినంక ఎక్కిస్త. తెల్వకుంటే ఎక్కియ్య," అన్నాను.

"మరి ఎట్ల తెస్తవ్ పిల్లను? ఎత్తుకోని తెస్తవా?"

పోనీ అన్నాను.

ఖాళీ బండిని అంత దూరం తోలడానికి కూడా నాకు మనసొప్పలేదు. డీజిలు ఊరికే రాదు. కొడకండ్లలో నేసిన దుప్పట్లు మానుకోట బట్టల షాపుకు చేర్చే పని మాట్లాడుకున్నాను. చుట్టుతొవ్వ అందుకే.

కొడకండ్ల

దుప్పట్లు నేసే సత్తెమ్మ నా ఈడుదే. ఇంటి ముందు గదిలో సగం మగ్గమే. మేము పోయేసరికి నేస్తూనే ఉంది. చేయి ఆపకుండా "కూసో అక్కా" అన్నది. మా దగ్గర వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు ఇస్తారు. ఆమె ముందు గంజి ఇచ్చింది. పలుచటి గంజిలో ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డ. ఎండలో పోయినవాళ్ళకు అదే మంచిదట. తాగాక నాకూ అదే మంచిదనిపించింది, ఖర్చు కూడా లేదు.

బండి చప్పుళ్ళ మాట చెప్పాను. యాదగిరి నవ్వాడు. సత్తెమ్మ నవ్వలేదు.

"మగ్గానికి గూడ గిట్లనే అయితది అక్కా. కొత్త సప్పుడు అస్తె నేను ఆపుత. ఒక్కొక్క కట్టెను చేత్తో పట్టుకోని మళ్ళ తొక్కుత. ఏది పట్టుకుంటె సప్పుడు ఆగుతదో గదే."

ఇంత తేలిక పని నాకు ఎందుకు తట్టలేదో. యాదగిరిని బండి వెనక అంచు పట్టుకుని ఊపమన్నాను. వాడు ఊపుతుంటే నేను ఒక్కొక్కటీ అదిమి పట్టుకుంటూ వచ్చాను. వెనక తలుపు గొలుసు పట్టుకున్నా గల్లుమంటూనే ఉంది. స్టెప్నీ చక్రం పట్టుకున్నా అంతే. నేల చెక్కల మీద అరచేయి పెట్టి అదిమితే సగం తగ్గింది. రెండు చెక్కల సందులో సత్తెమ్మ తన మగ్గం పుల్ల పెట్టి గెలికితే ఇత్తడి గజ్జె ఒకటి పైకి వచ్చింది. ధూంధాంలో ఎవరి కాలి నుంచో ఊడింది. ఇంకొకటి ఇంకా లోపలికి, ఇనుప దూలం బోలులోకి జారిపోయింది. దాన్ని తీయాలంటే చెక్కలన్నీ ఊడదీయాలి.

"ఉండనియ్ అత్తమ్మా. తెలంగాణ వచ్చినంక తీద్దాం," అన్నాడు యాదగిరి.

అట్లా మూడింటిలో ఒకటి ఏమిటో తెలిసింది. దుప్పట్ల మూటలు ఎక్కించుకుని కదిలాం. దంతాలపల్లిలో చాయ్ తాగాం. కప్పు అయిదు రూపాయలు, మా జనగామలో నాలుగే. అడిగితే చాయ్ పోసేవాడు పాలు దొరకడం లేదన్నాడు. ఎదురుగానే బర్రెలు పడుకుని ఉన్నాయి. చూపించాను. "అవి సమ్మెల ఉన్నయ్ అవ్వా," అన్నాడు. అయిదూ ఇచ్చాను.

మానుకోట

కాగితాల మీద మహబూబాబాద్. మాకు మానుకోటే. బట్టల షాపు షట్టరు సగం దించి ఉంది. వ్యాపారస్తుడు లోపల దీపం పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యమానికి చందా ఇచ్చి, షట్టరు సగం దించి, గిరాకీ వస్తే వంగి లోపలికి రమ్మంటున్నాడు. ఆయన ఇంట్లోనే ఆ రాత్రి పడుకోవడానికి చోటిచ్చారు. వాళ్ళు రాత్రి అన్నం తినరు. జొన్నరొట్టె, పప్పు. మా ఇంట్లో జొన్నరొట్టె పొద్దటి తిండి. రాత్రి తింటే దాహమవుతుందని అనుకునేదాన్ని. కాలేదు.

పొద్దున మూటలు దించక ముందే వాళ్ళ వీధి చివర మెకానిక్ ఖాదర్ భాయ్ షెడ్డుకు పోయాం. ఆయన మా మాట సగం విని, లేచి, చెంబుడు నీళ్ళు తెచ్చాడు. తాగడానికేమో అని చేయి చాచాను.

"మీకు గాదమ్మా, బండికి."

యాదగిరిని వెనక అంచు మీద ఎక్కి గెంతమన్నాడు. కిర్రు, కిర్రు. ఖాదర్ భాయ్ కమాన్ కట్ట ముందు చివర మీద కొన్ని నీళ్ళు పోశాడు. కిర్రు ఆగలేదు. వెనక చివర మీద పోశాడు. ఆగింది. కాసేపటికి నీళ్ళు ఆరాక మళ్ళీ మొదలైంది.

"సమజైందా? ఈడ రబ్బరు బుష్ ఉంటది. ఎండిపోయి ఇనుముకు రాసుకుంటున్నది. ఇది పరేషాన్ చేస్తది గని పానం తియ్యది."

దానికి కొత్త బుష్ వేశాడు. బేరం ఆడాను. సగానికి అడిగితే ఆయన చెవులు మూసుకున్నాడు. చివరికి ముప్పావుకు ఒప్పుకుని, చాయ్ తెప్పించి, ఆ డబ్బులు తానే ఇచ్చాడు. మా జనగామ మెకానిక్కులు ధర తగ్గిస్తే చాయ్ పోయరు.

"ఇంకోటి డక్కుమంటది," అన్నాను.

మూటలతో ఒక చక్కరు కొట్టి వచ్చాడు. "నాకేం వినపడలే. మీకు బుష్ సప్పుడే అట్ల వినపడ్డదేమో," అన్నాడు.

నాకూ ఆ నిమిషంలో వినపడలేదు. సరే అనుకున్నాం. మూటలు షాపులో దించేశాం. ఖాళీ బండి వీధి మలుపులో బ్రేకు వేసిందో లేదో, నా నడుము కింద డక్కుమంది. యాదగిరి నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. ఖాదర్ భాయ్ షెడ్డుకు తిరిగి పోతే తాళం. ఆయన కూడా ఊరేగింపుకు పోయాడట.

కేసముద్రం

కేసముద్రం దాకా ఖాళీ బండి. ప్రతి గుంతకూ డక్కు. రోడ్డు పక్క తంగేడు విరగబూసింది. ఆడవాళ్ళు బతుకమ్మకు గునుగు పూలు కోసుకుంటున్నారు. అవి చూసుకుంటూ పోవలసిన తొవ్వ. నేను మాత్రం గుంతలు లెక్కపెట్టుకుంటూ పోయాను.

కేసముద్రం మార్కెట్ యార్డులో ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కొనేవాళ్ళు తక్కువ, మక్కజొన్నలు ఎక్కువ. భూపాలపల్లి దగ్గర కోళ్ళ ఫారానికి మక్కల బస్తాలు చేర్చే పని అక్కడే దొరికింది. హమాలీలు బస్తాలు వేస్తుంటే బండి వెనక భాగం మెల్లగా కిందికి దిగింది. బండి కదిలింది. డక్కు లేదు. బ్రేకు వేయమన్నాను. లేదు. గుంతలో దించమన్నాను. లేదు.

"సూసినవా? పోయింది," అని యాదగిరి స్టీరింగు మీద దరువు వేశాడు. "స్వప్న కూసున్నప్పుడు గూడ నాలుగు ఇసుక బస్తాలు ఏద్దాం. మెత్తగ పోతది."

కాన్పు పిల్లను తెచ్చే బండిలో ఇసుక బస్తాలు వేసి, పైన వరిగడ్డి పరచడం మా దగ్గర ఉన్న పద్ధతే. మా అమ్మ నన్ను ఎడ్లబండిలో తెచ్చినప్పుడు కూడా గడ్డి అంత మందం వేసింది. నాకు సంతోషమే అయింది. కాని నెక్కొండ దాటేదాకా ఒకటే ఆలోచన. గజ్జెను తీస్తే గల్లు తగ్గింది. బుష్ మారిస్తే కిర్రు పోయింది. ఈ డక్కుకు మేము ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా ఎక్కడికి పోయింది?

నర్సంపేట దాటాక, నాలుగు తొవ్వల దగ్గర

అక్కడ రోడ్డు మీద పొయ్యిలు వెలుగుతున్నాయి. వంటావార్పు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తింటారు, బండ్లన్నీ ఆగిపోతాయి. మా కంటే ముందు బొగ్గు లారీలు చాలానే ఆగి ఉన్నాయి. నేను దిగి పొయ్యిల దగ్గరికి పోయాను. అక్కడ వంట నడిపిస్తున్నది సారమ్మ అనే కూలీ మనిషి. మెడలో శిలువ, దానిమీద గులాబీ కండువా.

"బిడ్డా, నన్ను పోనియ్యి. కాన్పు పిల్లను తేవాలె," అన్నాను.

"పిల్ల ఏది?"

"భూపాలపల్లిల ఉన్నది. తేవడానికే పోతున్న."

ఆమె మా బండిలోకి చూసింది. బస్తాలు. "మరి గీ మక్కలకు నొప్పులస్తున్నయా అవ్వా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. యాదగిరి కూడా నవ్వాడు. "వచ్చేటప్పుడు పిల్లతోని రా, పూల తొవ్వ ఇస్తం. ఇప్పుడైతే కూసోని వంకాయలు కొయ్యి," అని కత్తిపీట నా ముందు పెట్టింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కోశాను. వాళ్ళు ముక్కలు పెద్దగా కోసి చింతపులుసులో వేస్తారు. మేము చిన్నగా కోసి వేయించుతాం. వాళ్ళ పద్ధతిలో నూనె ఆదా.

కోస్తూ కోస్తూ పక్కన కూర్చున్న లారీ డ్రైవరు కొమురయ్యను అడిగాను. బొగ్గు మసితో కళ్ళకు కాటుక పెట్టినట్లుండే మనిషి, యాభై దాటి ఉంటాడు. బరువు పడగానే చప్పుడు ఎట్లా పోయిందని నా ప్రశ్న. పక్కనున్న డ్రైవర్లు ముందు అందుకున్నారు. ఒకరు షాకబ్జరు అన్నారు, ఒకరు చక్రం బేరింగు అన్నారు. ఇంకొకాయన బండి అమ్మేయమన్నాడు. కొమురయ్య మాత్రం వంకాయ ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ నన్ను తిరిగి అడిగాడు.

"ఖాళీగ ఉంటె అస్తది. లోడు పడితె పోతది. బండి కదిలేటప్పుడు ఒకసారి, ఆగేటప్పుడు ఒకసారి. అంతే గద అవ్వా?"

"అంతే."

"పోలేదు. బరువు కింద అదుముకోని ఉన్నది. పట్టీలన్నిటినీ కలిపి నడుమ ఒక బోల్టు ఉంటది. గది తెగితె పట్టీలు ముందుకు ఎనకకు జారుతయ్. ఖాళీ బండిల ఆ జారుడే మీకు డక్కుమంటది. లోడుల జారదు, సప్పుడు రాదు. ఎప్పుడన్న దిగుడుల గట్టిగ బ్రేకు కొడితె ఇరుసే ఎనకకు పోతది. చక్రం ఒక తొవ్వ, బండి ఒక తొవ్వ."

చేతిలో వంకాయ పక్కన పెట్టాను. ఆ బస్తాల మీద గడ్డి పరచి స్వప్నను కూర్చోబెట్టాలని అనుకున్నాను కదా, చప్పుడు లేదు కాబట్టి ఏమీ లేదని.

"నీకెట్ల తెలుసు తెగిందని? సూడకుంటనే చెప్పబడితివి," అన్నాడు యాదగిరి కాస్త కోపంగా.

"చెప్తలేను తమ్మీ. సూద్దాం అంటున్న. బస్తాలు దింపు. సుద్దముక్క ఉన్నదా ఎవరి దగ్గరన్న?"

సుద్దముక్క లేదు. నా సంచిలో స్వప్నకు పెట్టడానికి తెచ్చిన పసుపు ఉంది. కొంచెం తడిపి ఇచ్చాను. బస్తాలన్నీ దించి రోడ్డు మీద వరసగా పెడితే ఉద్యమం వాళ్ళు వాటిమీదే కూర్చున్నారు. కొమురయ్య కమాన్ కట్టను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పై పట్టీ నుంచి కింది పట్టీ దాకా నిలువుగా పసుపు గీత గీశాడు. యాదగిరి బండిని ముందుకు, వెనకకు నడిపి గట్టిగా బ్రేకులు వేశాడు. అందరం వంగి చూశాం. గీత మధ్యలో తెగింది. పైన ముక్క ఒక పక్క, కింద ముక్క ఇంకో పక్క, నడుమ వేలు మందం ఎడం.

యాదగిరి ఆ ఎడంలో వేలు పెట్టి చూశాడు. "కొత్త పట్టీ ఏసినంక మళ్ళ ఒకసారి బోల్టులు బిగియ్యాలని చెప్పిండు ఆ మెకానిక్. ఊరేగింపుల పడి యాది మరిచిన," అన్నాడు.

తన మీద పదిమంది గజ్జెలు కట్టి ఎగిరిన సంగతి ఆ బోల్టుకు మాత్రం యాదిలో ఉంది.

లారీ బోల్టు ఈ బండికి పట్టదు. సామాన్ల షాపులు బంద్. నర్సంపేటలో షాపు ఉన్నాయన అక్కడే కండువాతో కూర్చుని ఉన్నాడు. "బంద్‌ల నేనే షాపు తెరిస్తె రేపు నా మొహం ఎవడు సూస్తడు?" అన్నాడు. సారమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. నన్ను చూసి, తెగిన గీతను చూసి అన్నది: "షాపు తెరవకు అన్నా. షట్టరు కింద చెయ్యి పెట్టి తియ్యి. ఇందాక మక్కలని నవ్వితి. గిది నిజంగనే కాన్పు బండి."

ఆయన మోటారు సైకిలు మీద పోయి బోల్టు తెచ్చాడు. అన్నాలు తింటున్నంతసేపూ డ్రైవర్లు వంతులవారీగా బండి కింద ఉన్నారు. జాకీ పెట్టి, పట్టీలు విప్పి, తెగిన బోల్టును సుత్తితో కొట్టి తీశారు. రెండు ముక్కలూ నా చేతిలో పెట్టారు. తెగిన చోట సగం తుప్పు, సగం మెరుపు. ఒక్కసారి తెగలేదట, కొంచెం కొంచెంగా తెగింది. కొత్తది వేసి, ఇరుసును పట్టుకునే నాలుగు వంపు బోల్టులూ బిగించారు. కొమురయ్య మళ్ళీ పసుపు గీత గీశాడు. ఖాళీ బండిని నడిపి బ్రేకు వేశాం. డక్కు లేదు. గీత తెగలేదు.

"తొవ్వల ఆగినప్పుడల్ల వంగి సూడు అవ్వా. గీత తెగితె బిడ్డను ఎక్కియ్యకు," అన్నాడు.

డబ్బులు ఇవ్వబోతే ఒక్కరూ తీసుకోలేదు. మిగిలిన వంకాయ కూర మాత్రం గిన్నెలో పోసి నాకే ఇచ్చారు.

భూపాలపల్లి

కోళ్ళ ఫారంలో బస్తాలు దించి, కాలనీలో స్వప్న ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. స్వప్న భర్త బాయి పనికి పోతాడు. బొగ్గు బాయిలు కూడా సమ్మెలోనే ఉన్నాయి కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. మా దగ్గర వాకిట్లో చల్లే నీళ్ళు ఎండకు ఆరతాయి. అక్కడ నీళ్ళ మీద బొగ్గు దుమ్ము పొరలా పడుతుంది. స్వప్న సన్నబడింది. నన్ను పట్టుకుని వదలలేదు. లచ్చమ్మ బండిని చూసింది.

"పెద్దమ్మా, గీ ట్రాలీల నేను పంప. నిరుడు ఒక్కసారి సూసిన. చాలు."

కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. అందుకని నేను వాదించలేదు. తెగిన బోల్టు ముక్కలు ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. ముక్కలు చూశాక ఆమె భయం ఇంకా పెరిగింది.

"ఇంత పెద్ద ఇనుమే తెగిందంటివి. మళ్ళ తెగదని ఏంది?"

"చెప్పలేను బిడ్డా. నువ్వే ఎక్కి సూడు. నాలుగు చక్కర్లు తిరుగుదాం. నీ మనసుకు ఒప్పితె పంపు. లేకుంటె నేను ఈడనే ఉండి కాన్పు చేయించుకోని పోత."

ఆమె కొంగు బిగించింది.

పొద్దున ఇసుక బస్తాలు, గడ్డి వేసి ఇద్దరం వెనక కూర్చున్నాం. బొగ్గు లారీలు పోయే రోడ్డు మామూలు రోడ్డు కాదు. ఒక్కో గుంతలో బర్రె పడుకోవచ్చు. కాలనీవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చి చూశారు. "ఊరేగింపా లచ్చమ్మక్కా?" అని ఒకామె అడిగింది. లచ్చమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఉన్నట్లుండి బండి ఆపమన్నది.

"గల్లుగల్లుమంటున్నది. ఏందది?"

"గజ్జె. చెక్కల కింద ఇరుక్కున్నది. అది పరేషాన్ గూడ చెయ్యది."

చెవి పెట్టి విన్నది. మళ్ళీ కదలమన్నది. ఇంకో గుంత, ఇంకో బ్రేకు. గజ్జె తప్ప ఏమీ వినపడలేదు. చివరన నేను దిగి వంగి చూశాను. ఆమె కూడా నా పక్కన వంగింది. ఆమెకూ గీత కనపడింది.

"ఇసుక ఇంకో రెండు బస్తాలు ఎయ్యాలె," అన్నది. అంటే ఒప్పుకున్నట్లే. ఇంట్లోకి పోయి కోడలి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

తిరుగు తొవ్వ

తిరిగి వచ్చేటప్పుడు పరకాల, వరంగల్ మీదుగా తిన్నగా వచ్చాం. ఆ వైపు ఆగిన చోట్ల అందరూ పిల్లను చూసి తొవ్వ ఇచ్చారు. ఒకచోట జామకాయలు కూడా ఇచ్చారు. నేను ముందు కూర్చోలేదు, స్వప్న పక్కనే గడ్డి మీద కూర్చున్నాను. యాదగిరిని రేడియో పెట్టనివ్వలేదు. చలివాగు వంతెన దాటాక ఆపించి వంగి చూశాను. పరకాలలో చూశాను. వరంగల్ బయట డీజిలు పోయించేటప్పుడు చూశాను. డీజిలు పోసేవాడు ఏం పోయిందవ్వా అని తాను కూడా వంగాడు.

స్వప్న మొదట నిటారుగా, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగపట్టేది.

"నాయినమ్మా, ఆ సప్పుడు ఏంది?"

"గజ్జె."

"గది?"

"గడ్డి కింద ఇసుక జరుగుతున్నది."

"గిప్పుడు అచ్చింది?"

"యాదగిరి తుమ్మిండు."

అప్పుడు నవ్వింది. తరువాత అడగడం మానేసింది. రఘునాథపల్లి దాటేసరికి గడ్డి మీద పక్కకు ఒరిగి నిద్రపోయింది. మేము ఇంటి ముందు ఆగేదాకా లేవలేదు.

కోడలు కట్టు కాలుతోనే గడపలో నిలబడి ఉంది. చేతిలో హారతి పళ్ళెం. నా కొడుకు శిబిరం నుంచి ఉరుకులాడుతూ వచ్చాడు. పక్కింటివాళ్ళు వచ్చారు. స్వప్న లేచి దిగబోయింది. కూర్చోమన్నాను, ఆమె బరువు బండి మీద ఉండగానే చూడాలి.

"హారతి ఆరిపోతున్నది అత్తమ్మా," అన్నది కోడలు.

"ఆరనియ్యి. మళ్ళ ముట్టియ్యొచ్చు."

మోకాళ్ళ మీద వంగి చక్రం వెనక చూశాను. రోడ్ల దుమ్మంతా పట్టింది. కొంగుతో మెల్లగా తుడిచాను. పసుపు గీత పైనుంచి కిందికి, గీసినచోట గీసినట్లే ఉంది.

అప్పుడు లేచి, మనుమరాలికి చేయి ఇచ్చి దింపాను.